ఎవరి ఒంటి మీద నేర్చుకుంటున్నాం?

అమెరికాలో మిడ్‌వైఫ్ వృత్తి చేపట్టాలనుకునే ఆడపిల్లలు కొందరు చాలా ఏళ్ళుగా ఒక దారి పట్టి పోతున్నారు. ఆ దారి ఫిలిప్పీన్స్ చేరుతుంది. అక్కడ దావావో, ఒలంగాపో వంటి నగరాల్లో క్రైస్తవ మిషనరీలు పేద స్త్రీల కోసం ప్రసూతి కేంద్రాలు నడుపుతూ వచ్చారు. ఈ అమ్మాయిలు వాటిలో విద్యార్థినులుగా చేరతారు. కొంత బైబిలు చదువు, కొంత శరీర శాస్త్రం, మిగిలినదంతా కాన్పుల గదిలో పని. ఏడాదో రెండేళ్ళో అక్కడ ఉండి, లెక్కకు సరిపడా పురుళ్ళు పోసి, తిరిగి వెళ్ళి పరీక్ష రాసి మిడ్‌వైఫ్‌లు అవుతారు. వెళ్ళేవాళ్ళు చాలావరకు చిన్నవయసు వాళ్ళు. మంచి మనసుతోనే వెళ్తారు. ఆ మనసును శంకించడానికి నేనిది రాయడం లేదు. ఆ పిల్లలు చేయి తిప్పుకోవడం నేర్చుకుంటున్నది ఎవరి ఒంటి మీద, ఆ ఒళ్ళు ఎవరివో వాళ్ళని అడిగిందెవరు అన్నది ఈ సంచికలో చర్చకు పెడదామని రాస్తున్నాను.

ఫిలిప్పీన్స్ సంగతి మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మా సంఘంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక స్నేహితురాలి అక్కకూతురు ఇప్పుడు ఆ దారినే బయలుదేరబోతోంది. వాళ్ళది గుంటూరు జిల్లా నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన లూథరన్ కుటుంబం. పిల్ల పుట్టి పెరిగింది అక్కడే. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తన ప్రయాణం గురించి వాళ్ళ పిన్నికి పెద్ద ఉత్తరం రాసింది. చర్చిలో చందాల కోసం అచ్చువేసి పంచిన కరపత్రం కూడా దానితో పంపింది. మా స్నేహితురాలు ఆ రెండూ నా చేతిలో పెట్టి, "అక్కా, ఒకసారి చదువు. పిల్ల బంగారం. కానీ నాకే ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుంది, అదేంటో చెప్పలేకపోతున్నా" అంది.

చదివాను. ఆ పిల్ల చేసుకుంటున్న సన్నాహం చూస్తే నిజంగానే ముచ్చటేసింది. కారు అమ్మేసింది. నెలనెలా ఇంత పంపుతామని చర్చిలో కొన్ని కుటుంబాల దగ్గర మాట తీసుకుంది. టైఫాయిడ్‌కి, కామెర్లకి ఇంజెక్షన్లు వేయించుకుంది. రెండు పెట్టెలు సర్దుకుంది. ఒకదాంట్లో బట్టలు, పుస్తకాలు. రెండోదాంట్లో చేతి తొడుగులు, బొడ్డుతాడు క్లిప్పులు, కడుపులో బిడ్డ గుండెచప్పుడు వినే డాప్లర్ యంత్రం, చర్చిలో పెద్దమ్మలు అల్లి ఇచ్చిన ఊలు టోపీలు. (భూమధ్యరేఖకు అంత దగ్గర ఊళ్ళో ఊలు టోపీలేమిటి అనిపించింది. పుట్టిన బిడ్డకు తల కప్పడం ఎక్కడైనా మంచిదే అనుకోండి.) భాష కోసం తగాలోగ్ పుస్తకం కొనుక్కుంది. ఆమె వెళ్ళబోయేది మిందనావో దీవికి. అక్కడి వీధుల్లో ఎక్కువగా వినపడే భాష సెబువానో. బెంగాలీ పుస్తకం పట్టుకుని ఒరిస్సా పల్లెకి బయలుదేరినట్టన్నమాట.

కరపత్రంలో ఒక ముక్క ఉంది. అక్కడి తల్లులకు ఆదుకునే దిక్కు లేదట, తను వాళ్ళకు దిక్కు కావడానికి వెళుతోందట. దాని పక్కన ఒక ఫోటో. నేలమీద చాపలో పచ్చి బాలింత, రొమ్ముకు అంటిపెట్టుకున్న బిడ్డ. కింద ఆమె పేరు కూడా ఉంది. బడివాళ్ళు పంపిన ఫోటో అట. మా స్నేహితురాలికి గుచ్చుకున్న ముల్లు అక్కడే ఉందని నాకు అర్థమయింది.

ఆ తల్లులకు దిక్కు లేదన్న మాట నిజమా? ఫిలిప్పీన్స్‌లో మిడ్‌వైఫ్ వృత్తికి ప్రత్యేకంగా 1992లో చేసిన చట్టం ఉంది. చదువు, పరీక్ష, లైసెన్సు, వృత్తి మండలి, అన్నీ ఉన్నాయి. మన ఎ.ఎన్.ఎం.ల మాదిరిగా ఊరూరా పనిచేసే సర్కారు మిడ్‌వైఫ్‌లు ఉన్నారు. వాళ్ళకంటే ముందు నుంచీ హిలోట్లు ఉన్నారు. హిలోట్ అంటే మన మంత్రసాని లాంటి మనిషి. కడుపు రుద్ది, పురుడు పోసి, బాలింతకు ఒళ్ళు పట్టి వెళ్ళే ముసలమ్మ. 2008లో ఆ దేశ ఆరోగ్య శాఖ కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనో ప్రసూతి కేంద్రాల్లోనో జరగాలని ఉత్తర్వు ఇచ్చింది. దాని వెనక చాలా ఊళ్ళలో స్థానిక పాలకులు ఇంటి కాన్పులకు జరిమానాలు పెట్టారు. హిలోట్లకే కాదు, కొన్నిచోట్ల కన్నతల్లికి కూడా. ఆసుపత్రి, కేంద్రాల కాన్పులు 2008లో నూటికి 44 ఉంటే 2017 నాటికి 78 అయ్యాయి. ఆడవాళ్ళు ఇల్లు వదిలి వచ్చారు సరే, వచ్చినవాళ్ళకు మంచాలేవి? మనీలాలోని హోసే ఫబెల్లా ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరేసి, ముగ్గురేసి బాలింతలు పడుకున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఇంట్లో కంటే జరిమానా, సర్కారు ఆసుపత్రికి పోతే చోటు లేదు, ప్రైవేటుకి పోతే డబ్బు లేదు. ఆ సందులో మిషను ప్రసూతి కేంద్రం తలుపు తెరిచి పెట్టుకుని ఉంటుంది. కాబట్టి అక్కడి తల్లులను దిక్కులేనివాళ్ళనడం సరికాదు. ఉన్న దిక్కులన్నీ ఒక్కటొక్కటిగా మూసేస్తే అటు నడిచినవాళ్ళు వాళ్ళు.

ఇంకో సంగతి. స్త్రీలపై అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందాన్ని ఫిలిప్పీన్స్ 1981లోనే ధ్రువీకరించింది. గర్భిణికి, బాలింతకు తగిన సేవలు అందించడం ప్రభుత్వ బాధ్యత అని అందులో 12వ అధికరణం చెబుతుంది. అమెరికా 1980లో సంతకం పెట్టింది, ఇవాళ్టికీ ధ్రువీకరించలేదు. దిక్కు కావడానికి బయలుదేరుతున్న పిల్లకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

అసలు అమెరికా పిల్ల పురుడు పోయడం నేర్చుకోవడానికి అంత దూరం ఎందుకు పోవాలి? ఆమె కోరుకుంటున్నది సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్ అనే గుర్తింపు. నర్సు చదువు అక్కర్లేకుండా ఇళ్ళ దగ్గరా, చిన్న ప్రసూతి కేంద్రాల్లోనూ కాన్పులు చేసేవాళ్ళకు 1994 నుంచి ఇస్తున్నారు. దానికి మొత్తం 55 కాన్పుల అనుభవం చూపించాలి. మొదట పక్కన నిలబడి చూసినవి, తర్వాత సాయం చేసినవి, ఆఖరున పెద్దవాళ్ళ పర్యవేక్షణలో తానే ముందుండి చేసినవి. అమెరికాలో నూటికి 98 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతాయి. బయట జరిగే ఆ కాసిని కాన్పులతో 55 పూర్తి కావాలంటే ఏళ్ళు పడుతుంది. పేదదేశంలో రద్దీగా ఉండే ఉచిత కేంద్రంలో నెలల పని.

ఆ దేశంలో ఇంటి కాన్పులు వాటంతటవి పోలేదు. అవి పోయిన కథ మన కార్యకర్తలు తెలుసుకోదగ్గది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మంత్రసానులు తరతరాలుగా నల్లవాళ్ళకూ, పేద తెల్లవాళ్ళకూ పురుళ్ళు పోశారు. గ్రానీ మిడ్‌వైఫ్‌లని పిలిచేవారు, అంటే అవ్వ మంత్రసానులు. 1921లో షెపర్డ్–టౌనర్ చట్టం వచ్చింది. దాని నిధులతో వాళ్ళకు శిక్షణ ఇచ్చారు, సంచులు తనిఖీ చేశారు, అనుమతి పత్రాలు పెట్టారు. శిక్షణ ఇచ్చిన చేతులే మెల్లగా అనుమతులు తీసేశాయి. అలబామాలో మార్గరెట్ చార్ల్స్ స్మిత్ అనే ఆమె మూడువేల మందికి పైగా పురుడు పోసింది. 1976లో ఆ రాష్ట్రం వాళ్ళ వృత్తినే చట్టవిరుద్ధం చేసింది. ఇప్పుడక్కడ నల్లజాతి తల్లుల పరిస్థితి ఏమిటి? 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం ప్రతి లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. మూడింతలకు పైనే. మన తెలంగాణలో 2018–20 లెక్క 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. రెండు దేశాలవాళ్ళు లెక్కగట్టే పద్ధతి ఒకటి కాదు గనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి గొప్పలు పోవడానికి లేదు. అయినా, తల్లుల ప్రాణాలు నిలపాలని అంత తపన పడే పిల్లకు టెక్సాస్‌లోనే నాలుగు వీధుల అవతల పని లేదా అని అడగబుద్ధి వేస్తుంది. ఆ వీధికి పోవడానికి చందాలు రావు, అది వేరే సంగతి.

ఇక్కడే ఒక మాట నిక్కచ్చిగా ఒప్పుకోవాలి. ఉచిత ప్రసూతి కేంద్రంలో ఆ పేదరాలికి దొరికేది తక్కువేమీ కాదు. శుభ్రమైన పక్క, నొప్పుల్లో పట్టుకోవడానికి ఒక చెయ్యి, తోడుగా తల్లినో మొగుడినో లోపలికి రానివ్వడం, తిట్టకపోవడం. మన సర్కారు లేబర్ రూముల్లో ఒక్కరాత్రి గడిపినవాళ్ళకు ఈ చివరి మాట విలువ తెలుసు. "అప్పుడు సుఖంగానే ఉంది, ఇప్పుడెందుకు అరుస్తావ్" అన్న మాట వినని తల్లి మన బస్తీల్లో ఎంతమంది? తొడమీద చరిచిన దెబ్బలు, ఆయాకు ఇస్తేగాని బిడ్డను చూపించని ఆచారం, గుడ్డ కప్పకుండా వరసగా పడుకోబెట్టడం, ఇవన్నీ మనం ఎన్ని సభల్లో విన్నాం! అలాంటి చోటు నుంచి వచ్చిన స్త్రీ మిషను కేంద్రాన్ని ఇష్టపడితే ఆమెను తప్పుపట్టే అర్హత మనకు లేదు. మతం మార్చడానికే అదంతా చేస్తున్నారని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. వాళ్ళు ఏనాడూ ఏ బాలింత పక్కా సర్దినవాళ్ళు కారు.

కానీ దయ వేరు, హక్కు వేరు. ఉచితంగా దొరికినచోట వద్దు అనడం ఎంత కష్టమో మనకు తెలుసు. పరీక్షకు ముందు ప్రార్థన ఉంటుందని బడి పుస్తకంలో రాశారు. కూర్చోకపోతే పరీక్ష చేయరని ఎక్కడా లేదు. చేస్తారనే నేను నమ్ముతున్నాను. అయితే ఆ మాట ఆ తల్లికి తెలుసా? నొప్పులు పడుతూ వచ్చినదానికి, తన కాళ్ళ దగ్గర నిలబడిన తెల్లకోటు మనిషి డాక్టరా, నర్సా, మొన్ననే విమానం దిగిన విద్యార్థినా అన్నది తెలుసా? నేర్చుకునే చేతికి తెగేదీ, కుట్టు పడేదీ తన ఒళ్ళేనని ఎవరైనా ఆమె భాషలో చెప్పారా? అక్కడ జరిగే ప్రతి కాన్పుకూ రెండు రిజిస్టర్లు ఉంటాయి. ఒకదాంట్లో అది ఒక తల్లికి పుట్టిన బిడ్డ. రెండోదాంట్లో ఒక విద్యార్థిని లెక్కలో ఒక అంకె. ఆ రెండో రిజిస్టరు సంగతి తల్లికి తెలియదు.

ఈ దారి మన గడ్డకు కొత్త కాదు. 1883లో అన్నా సారా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. ఫిలడెల్ఫియాలో మహిళా వైద్య కళాశాలలో చదివి డాక్టరైన మనిషి. ఆమెను పంపిన లూథరన్ మిషను మొదట వైద్యానికి పంపలేదు. బడులూ జెనానాల పనికి పంపింది. ఆమె మందులపెట్టె వదల్లేదు. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే చనిపోయింది. సరిగ్గా ఆ 1883లోనే కలకత్తాలో ఓడ ఎక్కి అదే ఫిలడెల్ఫియా కళాశాలకు వెళ్ళింది ఆనందీబాయి జోషి. పద్ధెనిమిదేళ్ళది. పద్నాలుగేళ్ళకే బిడ్డను కని పదిరోజులకే పోగొట్టుకున్న తల్లి. మతం మార్చుకుంటే సాయం దొరుకుతుందన్న సూచనలు ఆమెకు అప్పటికే అందాయి. బయలుదేరే ముందు సెరాంపూర్ కళాశాలలో సభ పెట్టి, తన దేశపు ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు కావాలి గనుక వెళుతున్నాననీ, హిందువుగానే వెళ్ళి హిందువుగానే తిరిగివస్తాననీ చెప్పింది. 1886లో పట్టా తీసుకుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఇంకా 22 నిండకుండానే, క్షయతో పోయింది. ఒకే కళాశాల, ఒకే సంవత్సరం, ఎదురెదురు ప్రయాణాలు. కుగ్లర్‌నీ ఇప్పటి పిల్లల్నీ ఒక గాటన కట్టలేను. ఆమె చదువు పూర్తిచేసుకుని వచ్చింది, తెలుగు నేర్చింది, మధ్యలో స్వదేశం వెళ్ళొచ్చినా బతుకంతా ఇక్కడే గడిపింది. చేసిన వైద్యం వికటిస్తే వెళ్ళి నిలదీయడానికి గుంటూరు ఆడవాళ్ళకు ఒక గుమ్మం ఉంది. రెండేళ్ళకు వచ్చి పోయేవాళ్ళ గుమ్మం ఎక్కడుంటుంది?

అదే కాలంలో మంత్రసాని మీద పడిన నింద కూడా గుర్తు చేసుకోవాలి. ఆమె చేతుల మురికి గురించి మిషనరీలూ, దొరసానులూ, ఆ తర్వాత మన సంస్కర్తలూ రాయని రాత లేదు. 1903లో లేడీ కర్జన్ చొరవతో దాయీల శిక్షణకు విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. బొడ్డు కోయడం, మాయ పూడ్చడం అంటు అని చెప్పి ఆ పనిని మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్ళకు వదిలేసిన కులం గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఇంటి వెనక గుమ్మంలోంచి రానిచ్చి, మానెడు గింజలు పోసి పంపినవాళ్ళే ఆమెకు సబ్బు లేదన్నారు. మిషను ఆసుపత్రులు ఒక మేలు చేశాయి, దాన్ని కాదనకూడదు. ఆ కులాల ఇళ్ళలోంచే ఎంతోమంది ఆడపిల్లలను తీసుకుని నర్సు చదువు చెప్పి, తెల్లబట్టలూ జీతమూ ఇచ్చాయి. మా స్నేహితురాలి అమ్మమ్మ అలా నర్సయినదే. ఇవాళ ఆ మనవరాలి కూతురి వయసు పిల్ల మరో దేశంలో మంత్రసానులను చూసి జాలిపడుతూ ఉత్తరం రాయడం చూసి ఆమె బతికుంటే ఏమనేదో!

చదువు పూర్తికాని చేతుల మీద నమ్మకం ఎంత ప్రమాదమో ఉగాండా తల్లులకు తెలుసు. జింజా పట్టణంలో ఒక అమెరికన్ యువతి, వైద్యం చదవకుండానే, పౌష్టికాహార లోపమున్న పిల్లల కోసం మిషనరీ కేంద్రం పెట్టింది. 2010–15 మధ్య అక్కడ చేరిన 940 మంది పిల్లల్లో 105 మంది చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకు వెళ్ళారు. వాళ్ళ తరఫున నిలబడింది విమెన్స్ ప్రోబోనో ఇనీషియేటివ్ అనే అక్కడి మహిళా న్యాయవాదుల సంస్థ. 2020లో కోర్టు బయట రాజీ జరిగింది. తప్పు ఒప్పుకోకుండానే కొంత పరిహారం ఇచ్చారు. అంతా దుర్మార్గమని నేననను, చాలా జబ్బుతో వచ్చిన పిల్లలే వాళ్ళలో ఎక్కువ. కానీ ఆ యువతి సొంత ఊళ్ళో అలా పిల్లలకు సెలైన్ ఎక్కించబోతే పోలీసులు ఊరుకునేవారా?

ప్రసూతికి సంబంధించి కొలబద్దలు లేకపోలేదు. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య 2010లో చదువుకు ప్రమాణాలు పెట్టింది. నేరుగా చేరేవాళ్ళకు కనీసం మూడేళ్ళు, నర్సు చదివినవాళ్ళకు కనీసం 18 నెలలు. 2011లో వైట్ రిబ్బన్ అలయన్స్ ప్రసూతిలో గౌరవం గురించి హక్కుల పత్రం తెచ్చింది. విషయం తెలిసి ఒప్పుకునే హక్కు, కాదనే హక్కు, ఏకాంతం, గోప్యత, వివక్ష లేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. కరపత్రంలోని ఫోటో ఒక్కటి చాలు ఆ పత్రంలో రెండు మూడు అంశాలు తప్పినట్టే.

నేనూ మా స్నేహితురాలూ కూర్చుని ఆ పిల్లకు జవాబు రాశాం. వెళ్ళొద్దని రాయలేదు. నేర్చుకోవాలన్న ఆడపిల్లను ఆపడం మన పని కాదు. వెళ్ళేముందు బడిని అడగమని కొన్ని ప్రశ్నలు రాశాం. రాత్రి రెండింటికి రక్తస్రావం ఆగకపోతే బండి ఎవరిది, ఆసుపత్రి ఎంత దూరం, ఖర్చు ఎవరిది? ఆ కాన్పుకు చట్టప్రకారం ఎవరి లైసెన్సు బాధ్యత వహిస్తుంది, బిడ్డకు ఏదైనా అయితే నువ్వు విమానం ఎక్కాక ఆ తల్లి ఎవరి దగ్గరికి పోవాలి? నీతోపాటు ఆ బస్తీ ఆడపిల్లలు ఎంతమంది అక్కడ చదువుతున్నారు, వాళ్ళకు దక్కాల్సిన కాన్పులు నీ లెక్కలోకి వస్తున్నాయా? నువ్వు విద్యార్థినివని ఆ తల్లికి ఏ భాషలో, ఎప్పుడు చెబుతారు? నొప్పులు మొదలయ్యాక చెప్పడం చెప్పడం కాదు. ఆమె వద్దంటే అదే పక్కమీద, అదే ఆదరంతో ఇంకొకరు పురుడు పోస్తారా? కరపత్రంలో ఉన్న ఆ ఫోటోలో నీ అక్కో వదినో ఉంటే అచ్చువేసేదానివా?

ఫోటో ఆ వారమే తీసేసింది. "పిన్నీ, నాకు తట్టలేదు" అని రాసింది. ప్రశ్నల్ని బడికి పంపింది. బండీ ఆసుపత్రీ సంగతి వివరంగా చెప్పారట. లైసెన్సున్న ఫిలిప్పీన్స్ మిడ్‌వైఫ్‌లు పర్యవేక్షిస్తారట, ఇద్దరు స్థానిక విద్యార్థినులు ఉన్నారట. వద్దన్న తల్లి సంగతికి మాత్రం ఒక్క వాక్యమే జవాబు వచ్చింది. ఇంతవరకు ఎవరూ వద్దనలేదు, అని.

ఈ వాక్యం మనం ఇంతకుముందు విన్నదే. మన బోధనాసుపత్రుల్లో అడిగితే వచ్చే జవాబు కూడా ఇదే. ఒక గర్భిణిని వరసగా నలుగురైదుగురు విద్యార్థులు లోపలి పరీక్ష చేస్తారు, ఒక్కరూ పేరు చెప్పరు, ఒక్కరూ అడగరు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదంటారు. డబ్బున్నవాళ్ళ వార్డులో విద్యార్థులు ఉండరు. పేదరాలి ఒళ్ళు పాఠ్యపుస్తకం కావడానికి విమానం ఎక్కి ఎవరూ రానక్కర్లేదు, జిల్లా కేంద్రానికి బస్సెక్కితే చాలు. ఈ మాట అనకుండా మిషనరీ పిల్లల్ని మాత్రమే వేలెత్తి చూపితే అది దేశభక్తి అవుతుందేమో గాని స్త్రీల హక్కుల మాట కాదు.

ఇక్కడ మన రాష్ట్రాల్లో జరిగింది చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. అందులో గర్వపడాల్సింది ఉంది. కానీ మొత్తం కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 80 శాతం దాటాయి. ఇల్లు వదిలించాం, మంత్రసానిని వదిలించాం, చివరకు కత్తికి అప్పగించాం. ఇది గమనించే 2017లో తెలంగాణలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి ప్రభుత్వంతో కలిసి చేపట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశానికంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అక్కడ కూడా బయటి దేశపు మిడ్‌వైఫ్‌లు వచ్చారు. కాకపోతే నేర్పడానికి వచ్చారు. నేర్చుకున్నవాళ్ళు మన నర్సులు, చదువు పూర్తయ్యాక ఉండేదీ మన ఆసుపత్రుల్లోనే. రెండు దారులకూ తేడా నాకు ఇక్కడ కనపడుతుంది. ఈ నర్సులు పోస్టింగుల కోసం, లేబర్ రూములో తమ మాట చెల్లడం కోసం డాక్టర్లతో పడుతున్న పాట్లు ఇంకో సంచికలో రాయవలసినంత ఉన్నాయి.

మన పాఠకుల్లో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నవాళ్ళు. ప్రతి శీతాకాలం విదేశీ విద్యార్థులు మూడు వారాలకో మూడు నెలలకో మీ దగ్గరికి వస్తుంటారు. నిధులతో ముడిపడి ఉంటుంది గనుక కాదనలేరు, నాకు తెలుసు. వాళ్ళను గ్రామ ఆరోగ్య శిబిరానికి, ఉపకేంద్రానికి, అంగన్‌వాడీకి తీసుకెళ్ళేటప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళకు వాళ్ళెవరో, ఏం చదివారో, ఏం తాకుతారో, ఏం తాకరో తెలుగులో రాసిన కాగితం ఏదైనా మీ సంస్థలో ఉందా? చదువురాని వాళ్ళకు ఎవరు చదివి చెబుతున్నారు? ఫోటో తీసేముందు అడుగుతున్నారా, అడిగితే కాదన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అలాంటి కాగితం ఉంటే ఒక ప్రతి మాకు పంపండి, వచ్చే సంచికలో అచ్చువేస్తాం. లేకపోతే, మీ గ్రామ సంఘం ఆడవాళ్ళతో కూర్చుని వాళ్ళ మాటల్లోనే ఒకటి రాయించి పంపండి. జనవరి నెలాఖరులోగా అందితే చాలు.